పరాయి దేశపు ఆడవాళ్ల హక్కులు: దూబగుంట నుంచి చూస్తే

1990–91లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో కూర్చుని చదువుకున్న వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. తాగుడు ఒక ఇంటిని ఎలా కూల్చేస్తుందో చెప్పే ఆ పాఠాన్ని రాసినవారు ఆ పల్లెలవారు కారు. దాన్ని ఊరూరా చేర్చింది ప్రభుత్వ అధికారులు, స్వచ్ఛంద కార్యకర్తలు. కానీ పాఠం మీద మాటలు ముగిశాక ఏం చేయాలో తేల్చుకున్నది మాత్రం కలిగిరి మండలం దూబగుంటలోని ఆడవాళ్లే. ఊళ్లోకి సారా రాకూడదని వారు తీర్మానించుకున్నారు, వచ్చిన సారాను అడ్డుకుని వెనక్కి పంపారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ పోరాటంతోనే జిల్లా దాటి రాష్ట్రమంతా తెలిసింది. తరువాతి వాచకంలో దూబగుంట కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా మారి మిగిలిన పల్లెలకు చేరింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు సాగనీయకుండా స్త్రీలు పదేపదే అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ఒక చోటి స్త్రీల కష్టం గురించి మరొక చోటివారు ఉద్యమించవచ్చా అన్న ప్రశ్న ఎప్పుడు వచ్చినా ఈ కథను మరోసారి జాగ్రత్తగా చదవాలి. ఆఫ్ఘనిస్థాన్‌లో బడి మూతపడిన బాలికల కోసం, ఇరాన్‌లో తలగుడ్డ చట్టానికి ఎదురు నిలిచిన యువతుల కోసం, ఆఫ్రికాలో జననాంగ ఛేదనకు గురవుతున్న పసిపిల్లల కోసం ఇక్కడినుంచి గొంతెత్తడం సబబా, లేక అది వారి సంస్కృతిలో మనం వేలు పెట్టడమా అన్న చర్చ చదువుకున్నవారి మధ్య తరచుగా వస్తూనే ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారికి ఇది దూరపు ముచ్చట కాదు. బయటినుంచి వచ్చిన ఒక మాట లోపలి పోరాటంగా ఎలా మారుతుందో దూబగుంటలో ఈ నేల చూసింది. ఈ నేల ఆడవాళ్లే కువైట్ ఇళ్లలో పనికి పోయి మరో దేశపు చట్టాల కింద బతుకుతున్నారు గనుక పరాయి దేశపు స్త్రీ హక్కులు వీరి సొంత హక్కులు కూడా అయ్యాయి. అందువల్ల మాట్లాడాలా, ఊరుకోవాలా అన్న దగ్గర ఈ చర్చ ఆగిపోకూడదు. ఎవరి మాటకు తోడుగా మాట్లాడుతున్నాం, ఆ మాటకు వచ్చే ఎదురుదెబ్బను ఎవరు మోస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినప్పుడే బయటివారి ఉద్యమం న్యాయమవుతుంది.

మొదట ‘అది వారి సంస్కృతి’ అన్న అభ్యంతరాన్ని చూడాలి. ఈ మాట వినయంగా వినిపిస్తుంది గాని, దానిలో ఒక పెద్ద ఊహ దాగి ఉంది. ఒక సమాజానికి ఒకటే గొంతు ఉంటుందని, ఆ గొంతు పెద్దమనుషులదేనని అది ముందే ఒప్పేసుకుంటుంది. 1829లో సతీసహగమనాన్ని చట్టం నిషేధించినప్పుడు ఆచారం పేరు చెప్పి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లినవారు ఈ దేశస్థులే; దాన్ని ఆపాలని అంతకు ముందునుంచే పోరాడిన రామమోహన్ రాయ్ కూడా ఈ దేశస్థుడే. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం తెలుగువాడు, ఆయనను వెలివేయజూసినవారూ తెలుగువారే. వీరిలో తెలుగు సంస్కృతి ఎవరిది అని అడిగితే ఏం చెప్పగలం? సారా విషయంలోనూ ఇదే జరిగింది. కష్టజీవికి చుక్క అలవాటేనన్న మాటను ఆనాడు పల్లెల్లో పెద్దలు, కాంట్రాక్టర్లు కూడా చెప్పారు. ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో సారాను పల్లెకు చేర్చిన కాలమది. ఆ అలవాటు మూల్యాన్ని చెల్లిస్తున్న ఇల్లాలిని ఎవరూ అడగలేదు. సంస్కృతి పేరిట ఏదైనా ఆచారాన్ని సమర్థించే మాట వినిపించినప్పుడు, ఆ ఆచారం బరువు ఎవరి ఒంటిమీద పడుతున్నదో వారిని అడిగారా అని విచారించడం బయటివారికైనా, లోపలివారికైనా కనీస ధర్మం. ఆ విచారణ లేకుండా పరాయి సంస్కృతిని గౌరవిస్తున్నామనడం ఆచరణలో అక్కడి బలవంతుడి మాటను గౌరవించడమే అవుతుంది.

అలాగని బయటివారి చరిత్ర శుభ్రమైనదేమీ కాదు. ఈజిప్టును పాతికేళ్లకు దగ్గరగా తన చేతుల్లో ఉంచుకున్న బ్రిటిష్ పాలకుడు లార్డ్ క్రోమర్, అక్కడి స్త్రీల ముసుగును ఆ నాగరికత వెనుకబాటుకు గుర్తుగా చూపించాడు. ఆయనే ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక అక్కడి స్త్రీలకు ఓటుహక్కు రాకూడదని పనిచేసిన సంఘానికి నాయకత్వం వహించాడు. పరాయి స్త్రీ మీద జాలి చూపించి, సొంత స్త్రీ హక్కుకు అడ్డం నిలిచిన ఆ పాలకుడికి ముసుగు సాకు మాత్రమే, అతనికి కావలసింది ఈజిప్టు మీద పెత్తనం. 2001 నవంబరులో అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో ఆఫ్ఘన్ స్త్రీల దుస్థితి గురించి ప్రసంగించే నాటికి అక్కడ అమెరికా బాంబుల వర్షం కురుస్తూనే ఉంది. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో లక్షల మంది ఆఫ్ఘన్ బాలికలు బడికి వెళ్లిన మాట నిజం. అయితే ఆ హక్కులను విదేశీ సైన్యం తోడు తెచ్చుకున్న హక్కులని ముద్ర వేయడానికి 2021 ఆగస్టులో తిరిగి వచ్చిన తాలిబాన్లకు సులువైపోయింది.

మన దేశమే ఇలాంటి చూపుకు గురైన సందర్భం ఒకటుంది, దానిని కొంచెం ఆగి చూడాలి. అమెరికా రచయిత్రి కేథరిన్ మేయో కొన్ని నెలలు ఈ దేశంలో తిరిగి వెళ్లి, 1927లో ‘మదర్ ఇండియా’ ప్రచురించింది. బాల్యవివాహాలు, పసితనపు కాన్పులు, మంత్రసానుల మురికి చేతులు ఇందులో ఉన్నాయి. ఆమె వాదమంతా చివరికి భారతీయులు స్వపరిపాలనకు తగరనే చోటికే చేరింది. గాంధీజీ దానిని మురుగు కాలువల ఇన్‌స్పెక్టరు రాసిన నివేదిక అన్నారు. దేశమంతా ఆమె మీద కోపగించింది, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆమె చూపిన బాల్యవివాహాలు అబద్ధం కావు. రెండేళ్ల తరువాత, 1929లో, ఆడపిల్లల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం వచ్చింది. దానికోసం గట్టిగా ఒత్తిడి తెచ్చినవారిలో భారతీయ స్త్రీల సంఘాలు ముందున్నాయి. మేయో నిందించడానికి వాడిన నిజాలనే ఇక్కడి స్త్రీలు తమ చేతిలోకి తీసుకుని, తమ పెద్దల మీదకు తిప్పారు.

అదే కాలంలో మరొక విదేశీ స్త్రీ కూడా ఇక్కడ ఉంది. ఐర్లండులో పుట్టి, ఓటుహక్కు పోరాటంలో డబ్లిన్, లండన్ జైళ్లు చూసి వచ్చిన మార్గరెట్ కజిన్స్ 1915లో ఈ దేశం వచ్చి మదనపల్లెలో ఉంది. 1917లో అడయారులో అనీ బిసెంట్, డొరతీ జినరాజదాస వంటివారితో కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను నిలబెట్టింది. ఆ ఏడాదే సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల ప్రతినిధి బృందం భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగింది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటుహక్కును అంగీకరించింది. ఆనాడు నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా గనుక, ఆస్తి షరతులకు లోబడి ఈ జిల్లా స్త్రీలలో కొందరికి మొట్టమొదట ఓటు వచ్చింది ఆ నిర్ణయంతోనే. మేయోకూ కజిన్స్‌కూ ఉన్న తేడా మంచితనానికీ చెడ్డతనానికీ మధ్య తేడా అని తేలిగ్గా అనుకోవచ్చు, కాని అసలు తేడా పనిలో ఉంది. కజిన్స్ ఇక్కడే బతికింది, ఇక్కడి స్త్రీల సంఘంలో సభ్యురాలిగా పనిచేసింది, వారు అడిగినదానినే అడిగింది. 1932లో ఈ దేశపు ఉద్యమంతో పాటు జైలుకు కూడా వెళ్లింది. మేయో రాసినదానికి వచ్చిన దెబ్బ మేయోకు తగలలేదు. నెల్లూరులో పొణకా కనకమ్మ 1923లో కస్తూరిదేవి పేరున బాలికల విద్యాలయం ప్రారంభించిన ఆ సంవత్సరాల్లో ఇలాంటి రెండు రకాల విదేశీ గొంతులూ ఈ నేల మీద వినిపించాయి. బయటివారి జోక్యం మేలా కీడా అని అడిగేవారికి ఆ ఒక్క దశాబ్దమే రెండు జవాబులూ ఇస్తుంది.

బయటినుంచి వచ్చిన ఒత్తిడి బెడిసికొట్టిన తీరు కెన్యాలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1929లో స్కాట్లండు మిషనరీలు కికుయు తెగలో బాలికల జననాంగ ఛేదనను వదులుకుంటామని ప్రమాణం చేయాలని చర్చి సభ్యులను పట్టుబట్టారు. వేల మంది చర్చినే వదిలి, సొంత బడులు, సొంత చర్చిలు పెట్టుకున్నారు. భూములు లాక్కున్న తెల్లవాడి మాటకు లొంగకపోవడానికి ఛేదనే గుర్తు అయిపోయింది. 1956లో మేరు ప్రాంతంలో పెద్దల మండలి చేత నిషేధం ప్రకటింపజేస్తే, యౌవనంలోకి వస్తున్న బాలికలు తమకు తామే కోసుకున్నారు. ‘నాకు నేనే కోసుకుంటాను’ అనే అర్థం వచ్చే ‘ఙైతానా’ అన్న పేరు వారికి పడింది. ఇంత బాధాకరమైన ఆచారాన్ని ఆ పిల్లలు ప్రేమించారని దీని అర్థం కాదు. పెళ్లికి, తోటివారి మన్ననకు, తెగలో స్థానానికి అదొక్కటే ద్వారమైనప్పుడు, ద్వారాన్ని మూసి మరో ద్వారం తెరవకపోతే పిల్ల గోడ దూకుతుంది. నిషేధం రాసినవారు ఆ పిల్ల పెళ్లి ఎలా జరుగుతుందని ఆలోచించలేదు.

సెనెగల్‌లో 1991 నుంచి పనిచేసిన తోస్తాన్ అనే సంస్థ అనుభవం దీనికి ఎదురు వైపున ఉంది. దాని స్థాపకురాలు అమెరికా స్త్రీయే గాని, ఆమె ఆ దేశంలోనే ఉండి వోలోఫ్ భాష నేర్చుకుంది. పల్లెల్లో స్థానిక భాషలో చదువు, ఆరోగ్యం, హక్కుల పాఠాలు నడిచాయి. ఏది వదలాలో పాఠం చెప్పలేదు. 1997లో మలికౌండా బంబారా అనే ఊరి స్త్రీలు తమంతట తాముగా ఛేదన ఆపుతున్నట్టు ప్రకటించారు. మొదట చుట్టుపక్కల ఊళ్లనుంచి తిట్లే వచ్చాయి. ఆ దశలో దెంబా దియావరా అనే పల్లె పెద్ద ఒక మాట చెప్పాడు: ఒక్క ఊరు ఆపితే ఆ ఊరి ఆడపిల్లలకు సంబంధాలు రావు, కాబట్టి పిల్లనిచ్చే ఊళ్లు, తెచ్చుకునే ఊళ్లు అన్నీ కలిసే ఆపాలి. ఆయన బంధువుల ఊళ్లన్నీ తిరిగి ఒప్పించాడు. 1998లో 13 ఊళ్లు కలిసి ప్రకటన చేశాయి. తరువాత అది వేల ఊళ్లకు పాకింది, 1999లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా ఆచారం పూర్తిగా పోలేదు, కానీ దారి దొరికింది.

దియావరా చెప్పిన మాట మెట్ట ప్రాంతపు తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. కట్నం తప్పని తెలిసిన తండ్రి కూడా కట్నమిచ్చేది, పదో తరగతి పూర్తికాకముందే పిల్లకు సంబంధం ఖాయం చేసేది ఇదే లెక్కతోనే: నేనొక్కడినే ఆగితే నా పిల్ల మిగిలిపోతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకుండానే పెళ్లయింది. ఆ తండ్రిని మూర్ఖుడని తిట్టే ఉద్యమం ఎక్కడినుంచి వచ్చినా, హైదరాబాదు నుంచి వచ్చినా, జెనీవా నుంచి వచ్చినా, అది ఆయనకు పరాయిదే. ‘బయట’ అన్నది దేశపు సరిహద్దుతో మొదలు కాదు. నెల్లూరు పట్టణం నుంచి ఉదయగిరి పల్లెకు వెళ్లిన ఉపన్యాసకుడు కూడా అక్కడ బయటివాడే. అందుకే పరాయి దేశంలో ఉద్యమించవచ్చా అన్న ప్రశ్నకు వేరే నియమం అక్కరలేదు. పక్క మండలంలో పనిచేయడానికి కావలసిన వినికిడే అక్కడా కావాలి, కాకపోతే దూరం పెరిగేకొద్దీ ఆ వినికిడి కష్టమవుతుంది, తప్పు చేస్తే దిద్దుకునే అవకాశం తగ్గుతుంది.

లోపలివారు నోరు విప్పడానికే వీలులేని చోట ఏం చేయాలన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. ఆఫ్ఘనిస్థాన్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఆరో తరగతి దాటిన బాలికలకు బడి లేదు. 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయం లేదు. 2024 ఆగస్టులో ప్రకటించిన చట్టం బహిరంగ స్థలంలో స్త్రీ గొంతు వినబడటాన్నే తప్పుగా చూస్తోంది. ఇక్కడ ‘లోపలివారు అడిగితే వస్తాం’ అని కూర్చోవడం అంటే, నోరు కట్టేసిన మనిషి పిలవలేదు గనుక వెళ్లలేదని చెప్పడమే. అయితే వారు అడగడం లేదన్నది కూడా నిజం కాదు. ఇళ్లలో రహస్యంగా బడులు నడుపుతున్నవారు, దేశం విడిచి బతుకుతున్నవారు తమకేం కావాలో చెబుతూనే ఉన్నారు: లింగవివక్షను వర్ణవివక్షలాగే అంతర్జాతీయ నేరంగా గుర్తించాలని, తాలిబాన్ పాలనను ఊరికే గుర్తించవద్దని. 2025 జులైలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఇద్దరు తాలిబాన్ అగ్రనేతల మీద స్త్రీల పీడన నేరానికి అరెస్టు వారెంట్లు జారీ చేసింది.

భారతీయుల చేతిలో ఏముందో 2025 అక్టోబరులో ఢిల్లీలో కనిపించింది. తాలిబాన్ విదేశాంగ మంత్రి పర్యటనలో ఆఫ్ఘన్ రాయబార కార్యాలయంలో జరిగిన విలేకరుల సమావేశానికి మహిళా జర్నలిస్టులను పిలవలేదు. దేశంలో గట్టి నిరసన రాగా, రెండు రోజులకు జరిగిన మరో సమావేశానికి వారిని పిలిచారు, వారు ముందు వరుసలో కూర్చుని బాలికల చదువు గురించే ప్రశ్నలు వేశారు. ఇది చిన్న విషయమే కావచ్చు. కానీ ఆ నిరసన కాబూల్‌లోని ఏ స్త్రీనీ ప్రమాదంలో పడేయలేదు, మన రాజధానిలో మన ప్రభుత్వం ఆతిథ్యం మీద మనకున్న హక్కునే వాడుకుంది. దీని పక్కన, ఇక్కడ ఒక మతం మీద కోపాన్ని తీర్చుకోవడానికి మాత్రమే ఆఫ్ఘన్, ఇరాన్ స్త్రీల పేరు ఎత్తే మాటలను పెట్టి చూడాలి. ఆ మాటలు టెహ్రాన్‌లో ఏ స్త్రీకీ ఉపయోగపడవు. నెల్లూరు కోటమిట్టలో చదువుకోవడానికి బయటికి వచ్చే ముస్లిం అమ్మాయికి మాత్రం భారమవుతాయి. 2022 సెప్టెంబరులో తలగుడ్డ చట్టం కింద పోలీసులు పట్టుకున్న యువతి మహసా అమీనీ మరణం తరువాత ఇరాన్ స్త్రీలు ‘స్త్రీ, జీవితం, స్వేచ్ఛ’ అని నినదించింది తమ దేశపు బలవంతపు చట్టం మీద. బలవంతాన్ని ఎదిరించిన ఆ నినాదాన్ని మరో చోట మరో బలవంతానికి వాడటం వారికి చేసే ద్రోహం.

ఇక కువైట్. నెల్లూరు, కడప, గోదావరి ప్రాంతాల పల్లెల్లో ఈ దేశం పేరు పొరుగూరి పేరంత మామూలుగా వినిపిస్తుంది. అరబ్బు ఇంట్లో పనికి వెళ్లిన స్త్రీని అక్కడ ‘ఖద్దామా’ అంటారు. యజమానిని ‘బాబా’ అని, యజమానురాలిని ‘మామా’ అని పిలవాలి. వీసా, అకామా (అక్కడ ఉండటానికి అనుమతి పత్రం) రెండూ కఫీలు, అంటే వీసా ఇప్పించి పూచీ ఉండే యజమాని, చేతిలో ఉంటాయి. అతని అనుమతి లేకుండా ఇల్లు దాటితే పరారీ కేసు పడుతుంది. ఎందరో మంచి యజమానుల దగ్గర పనిచేసి, ఇల్లు కట్టుకుని, పిల్లలను ఇంజినీరింగ్ చదివించుకున్నారు. జీతం అందక, దెబ్బలు తిని, పాస్‌పోర్టు లేక రాయబార కార్యాలయపు ఆశ్రయంలో నెలలు గడిపినవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే వ్యవస్థలో ఉన్నారు, వారి గతి యజమాని స్వభావం మీదే ఆధారపడింది. హక్కు లేని చోట మంచి యజమాని దొరకడం అదృష్టం మాత్రమే.

2015లో కువైట్ ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టును యజమాని ఉంచుకోకూడదని కూడా ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. గల్ఫ్‌లో అప్పటికి ఇది పెద్ద అడుగు. కానీ ఆ చట్టం తలుపు వేసిన ఇంట్లోపలికి వెళ్లాలంటే దానిని ఎవరో తీసుకుపోవాలి. కఫీలు అనుమతి లేకుండా పని మారలేని స్త్రీ ఫిర్యాదు చేయడం అంటే తన అకామాను పణంగా పెట్టడమే.

ఇక్కడే పరాయి స్త్రీల హక్కుల ప్రశ్న కష్టంగా ముడిపడుతుంది. కువైట్ స్త్రీలు తమ హక్కుల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2005 మేలో వారికి ఓటుహక్కు వచ్చింది, 2009లో నలుగురు స్త్రీలు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. వివాహేతర సంబంధం పేరిట భార్యనో, కూతురునో, తల్లినో, చెల్లినో చంపిన మగవాడికి నామమాత్రపు శిక్షతో సరిపెట్టే శిక్షాస్మృతి 153వ అధికరణాన్ని తొలగించాలని అక్కడి స్త్రీలు పదేళ్లు ఉద్యమించగా, 2025లో అది రద్దయింది. వారి విజయానికి ఇక్కడినుంచి మనసారా చప్పట్లు కొట్టాలి. అయితే ఉద్యోగానికి, రాజకీయానికి ఇంటినుంచి బయటికి రాగలిగిన ఆ స్త్రీ వెనుక, పొద్దున ఐదింటికి లేచి ఆమె పిల్లలను తయారుచేసిన మరొక స్త్రీ ఉంది, ఆ రెండో స్త్రీ ఆత్మకూరునుంచో వెంకటగిరినుంచో వెళ్లినది కావచ్చు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసేది చాలా ఇళ్లలో ‘మామా’యే. అరబ్బు స్త్రీ అంటే ముసుగు కింద బాధపడే మనిషి అని మాత్రమే చూసే ఉద్యమానికి ఈ ఇల్లు అర్థం కాదు. ఒకే ఇంట్లో ఒక స్త్రీ హక్కు పెరిగి మరొక స్త్రీ హక్కు ఆగిపోవచ్చు.

మన ప్రభుత్వం తీసుకున్న రక్షణ చర్యలను కూడా ఇదే చూపుతో పరీక్షించాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు) మీద గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి వారిని ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఏజెన్సీలే పంపాలి. డ్రైవరుగా వెళ్లే 22 ఏళ్ల మగవాడికి ఇలాంటి వయసు షరతు లేదు. ఉద్దేశం మంచిదే, ఫలితం వేరు. అవసరం ఆగదు గనుక 26 ఏళ్ల తల్లి విజిట్ వీసా మీద దుబాయికి చేరి, అక్కడినుంచి కువైట్‌కో ఒమన్‌కో మారుతుంది. సబ్ ఏజెంటు ఆమె వయసును కాగితం మీద పెంచుతాడు. రికార్డులో లేని మనిషికి ఏ ఒప్పందం వర్తిస్తుంది? స్త్రీని కాపాడాలంటే ఇల్లు కదలనీయకూడదన్న ఆలోచనకూ, సంరక్షకుడి సంతకం లేనిదే స్త్రీ ప్రయాణించకూడదని సౌదీ 2019 దాకా పెట్టుకున్న నియమానికీ మధ్య దూరం మనం అనుకునేంత లేదు. సౌదీ నియమాన్ని ఖండిస్తూ ఇక్కడ రాసినవారిలో మన 30 ఏళ్ల నియమాన్ని ప్రశ్నించినవారు ఎందరు?

మరొక విషయం చెప్పక తప్పదు. కువైట్‌లో స్త్రీలకు జరిగే అన్యాయాలను వర్ణించే కథనాలు, ఎంత సదుద్దేశంతో వచ్చినా, తిరిగి వచ్చిన స్త్రీ మీద ఊళ్లో ఒక నీడను పడేస్తాయి. అక్కడ ఏం జరిగిందోనని గుసగుసలు మొదలవుతాయి. కూతురికి సంబంధం చూసేవారు తల్లి కువైట్ సంగతి ఆరా తీస్తారు. అందుకే ఎందరో తమకు జరిగినది పోలీసులకే కాదు, సొంత తల్లికి కూడా చెప్పరు. జీతం ఎగవేత గురించి మాట్లాడతారు, చేయిచేసుకోవడం గురించి కొంత మాట్లాడతారు, అంతకు మించినది మింగేస్తారు. అక్కడి కఫీలు మూసిన నోటిని ఇక్కడి ఊరు తెరవనీయదు. పరాయి దేశంలో మన స్త్రీల కోసం ఉద్యమించేవారు ముందుగా చేయవలసింది వారి బాధను బొమ్మ కట్టి చూపడం కాదు. తిరిగి వచ్చినవారు ఒకరితో ఒకరు, పేరు బయటపడకుండా, భయం లేకుండా కూర్చుని మాట్లాడుకునే చోటు కల్పించాలి. దూబగుంట రాత్రి బడి చేసిన మేలు అదే. అక్కడ ఒకరి ఇంటి గుట్టు పదిమంది ఇళ్ల గుట్టు అని తెలిశాక సిగ్గు పోయి కోపం వచ్చింది.

అలా మాట్లాడుకున్న చోట వారు అడిగేవి చాలా స్పష్టంగా ఉంటాయి: ఫోను దగ్గర ఉండాలి, పాస్‌పోర్టు దగ్గర ఉండాలి, జీతం బ్యాంకులో పడాలి, దెబ్బ తగిలితే పారిపోయిన కేసు పడకుండా ఇల్లు దాటగలగాలి, తెలుగు తెలిసినవారు రాయబార కార్యాలయంలో ఫోనెత్తాలి. వీటిలో చాలా వాటికి పట్టు మన చేతిలోనే ఉంది. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటి పనివారి నియామకం మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. దానిలో ఏముందో తెలుగులో పల్లెకు చేర్చమని, అమలును ఏటా చెప్పమని అడగడానికి ఏ కువైట్ చట్టమూ అడ్డం రాదు. ఎన్నికల ముందు గల్ఫ్ కుటుంబాల ఓట్లు అడిగే ప్రతి అభ్యర్థినీ ఆ ప్రశ్న అడగవచ్చు. సారా పాటలు ఆపినప్పుడు కూడా నెల్లూరు స్త్రీలు తమ భర్తల గుణం మార్చమని ఎవరినీ బతిమాలలేదు. కలెక్టరు కార్యాలయం ముందు కూర్చుని, ప్రభుత్వం చేతిలో ఉన్న పాటను పట్టుకున్నారు.

ఫిలిప్పీన్స్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఇంటి పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను ఆ దేశం 2012లోనే ఆమోదించి, 2013లో సొంత గడ్డమీద పనిచేసే ఇంటి పనివారికి చట్టం చేసుకుంది. 2018 ఫిబ్రవరిలో తమ దేశస్థురాలి శవం కువైట్‌లో ఫ్రీజరులో దొరికినప్పుడు అది పనివారిని పంపడం ఆపేసి, మే నెలలో పాస్‌పోర్టు, ఫోను పనివారి దగ్గరే ఉండాలని కువైట్ చేత ఒప్పందం మీద సంతకం చేయించింది. ఆ తరువాత కూడా దారుణాలు జరిగాయి, 2023లో మళ్లీ ఒక హత్య జరిగి రెండు దేశాల మధ్య ఏడాదికి పైగా వీసాల గొడవ నడిచింది. అయినా బల్లకు అటువైపున కూర్చున్నవారు ‘మీ ఇంట్లో మీ పనివారికి ఏమిస్తున్నారు’ అని అడిగితే చూపడానికి వారి దగ్గర ఒక చట్టం ఉంది.

భారతదేశం 189వ ఒడంబడికను ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంటి పనివారి కోసం దేశవ్యాప్తమైన ప్రత్యేక చట్టం కూడా లేదు. అలాంటి చట్టం అవసరాన్ని పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. వారానికి ఒక రోజు సెలవని కువైట్ చట్టంలో రాసి ఉన్నదానిని అక్కడి ఇళ్లలో అమలు చేయించమని అడగబోయే నెల్లూరు ఉద్యమకారిణికి, మాగుంట లేఅవుట్‌లో నాలుగిళ్ల అంట్లు తోమే స్త్రీ ఆదివారం గురించి ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న అడిగేది కువైట్ అధికారే కానక్కరలేదు. పదేళ్లు అరబ్బు ఇంట్లో పనిచేసి వచ్చి, ఇప్పుడు అదే వీధిలో పనికి కుదిరిన స్త్రీ కూడా అడగవచ్చు.